గిమ్మిక్ పేకతో మ్యాజిక్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలలో, ముందుగానే మార్పులు చేసి అమ్మే పేక కట్టల గురించి అడిగినవాటిని ఈ సంచికలో ఒకచోట చేర్చాను. ఇక్కడ వివరించిన కట్టలన్నీ ఏనాటి నుంచో దుకాణాలలో బహిరంగంగా దొరుకుతున్నవే. ఇప్పటి ఐంద్రజాలికులు సొంతంగా రూపొందించి అమ్ముకొంటున్న వాటి గుట్టు చెప్పమన్న ఉత్తరాలను పక్కన పెట్టాను. వారి నోటి దగ్గరి కూడు తీయడం నాకు ఇష్టం లేదు.

ప్రశ్న: నేను అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఆన్‌లైన్‌లో స్వెంగాలీ పేక తెప్పించుకొని హాస్టల్లో చూపించాను. ఎవరు ఎక్కడ ఆపమన్నా ఆఠీను ఎనిమిదే వచ్చింది. అందరూ మెచ్చుకొన్నారు గానీ, మళ్లీ చూపమంటే చూపినప్పుడు ఒకడు కట్ట లాక్కొని తిరగేసి గుట్టు బయటపెట్టాడు. ఇది విద్య కాదు, మోసమని ఇప్పుడు ఎగతాళి చేస్తున్నారు. దీన్ని వదిలేసి చేతి నేర్పుతో చేసేవే నేర్చుకోవాలా?

జవాబు: వదిలేయనక్కర్లేదు. ముందు మీ మిత్రుల ఎగతాళి సంగతి చూద్దాం. పేకముక్కల ఇంద్రజాలానికి ఒక కళగా గౌరవం తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసిన వియన్నా ఐంద్రజాలికుడు యోహాన్ హోఫ్‌జిన్సర్ (1806–1875) తన ప్రదర్శనల కోసం ముక్కలను ప్రత్యేకంగా తయారు చేసుకొన్నవాడే. ఇరవయ్యో శతాబ్దంలో చేతి నేర్పు అనగానే తోటి ఐంద్రజాలికులందరూ తలచుకొనే డై వెర్నన్ (1894–1992), 1938లో ‘బ్రెయిన్‌వేవ్’ అనే గిమ్మిక్ కట్టను స్వయంగా రూపొందించాడు. వేళ్లతో దాదాపు ఏ పనైనా చేయగలిగిన మనిషి కూడా, చూసేవారికి మరింత శుభ్రంగా కనిపించే దారి ఉన్నప్పుడు ఆ దారినే పోయాడు. ప్రేక్షకుడు చూసేది ఫలితాన్ని. ముక్క వేళ్ల వల్ల మాయమైందా, కత్తిరింపు వల్ల మాయమైందా అన్నది అతనికి తెలియనే కూడదు కదా!

అయితే మీ ప్రదర్శనలో లోపం లేదని అనను. అది ఎక్కడుందో తెలియాలంటే ఈ కట్ట ఎలా పనిచేస్తుందో ఒకసారి నిదానంగా చూడాలి. ఇందులో ఇరవై ఆరు ముక్కలు వేర్వేరుగా ఉంటాయి, మిగిలిన ఇరవై ఆరూ ఒకే ముక్క, మీ కట్టలో ఆఠీను ఎనిమిది. ఈ ఎనిమిదులన్నీ తక్కినవాటికంటే పొడవులో అర మిల్లీమీటరు, మహా అయితే ఒక మిల్లీమీటరు కురచగా కత్తిరించి ఉంటాయి. ఒక పొడుగు ముక్క, ఒక కురచ ముక్క చొప్పున కట్టంతా పేర్చి ఉంటుంది. కట్టను బొటనవేలి కొసతో పొట్టి అంచు దగ్గర వంచి ముక్కలను జరజర వదిలితే, వేలికి తగిలేది పొడుగు ముక్క ఒక్కటే. దాని పక్కనున్న కురచ ముక్క వేలికి అందక దానితోపాటే పడిపోతుంది. అందువల్ల బొమ్మల వైపు ప్రేక్షకులకు చూపుతూ ఒక దిక్కు నుంచి వదిలితే అన్నీ వేర్వేరు ముక్కలుగా, దిక్కు మార్చి వదిలితే అన్నీ ఎనిమిదులుగా కనిపిస్తాయి. కట్టను బోర్లించి పట్టుకొని ఇలాగే వదులుతున్నప్పుడు ఎవరు ఎక్కడ ఆపమన్నా, కింది భాగం మీద ఉండేది కురచ ముక్కే. పొట్టి అంచుల దగ్గర పట్టుకొని కట్టలో పై భాగాన్ని ఎత్తినా అంతే.

ఇక్కడొక చిక్కు ఉంది. ఈ కట్టను రెండు భాగాలు చేసి, కొసలు ఒకదానిలోకి ఒకటి జారేలా జరజర వదులుతూ కలిపితే జతలు చెడవు, ఎందుకంటే ముక్కలు రెండేసి చొప్పున పడతాయి. అమెరికాలో ఆ పద్ధతి మామూలు కాబట్టి అక్కడ ఎవరూ వింతగా చూడరు. మన దగ్గర రమ్మీ ఆడే మామూలు మనుషులు అలా కలపరు. కట్టను పొడవు అంచుల మీద ఒక చేతిలో నిలబెట్టి, రెండో చేత్తో కొన్ని కొన్ని తీసి పైపైన వేస్తూ కలుపుతారు. అలా కలిపితే స్వెంగాలీ జతలు చెల్లాచెదురవుతాయి. మీరు వీడియోలలో చూసి కొసలు కలిపే పద్ధతి నేర్చుకొని చేసి ఉంటే, ‘వీడెవడో ఆరితేరిన ఆటగాడు’ అన్న అనుమానం మొదటి నిమిషంలోనే పుట్టి ఉంటుంది. అనుమానం పుట్టిన చోట చెయ్యి కట్ట మీదికి రావడం సహజమే.

దీనికి మందు గిమ్మిక్ కట్టలో లేదు, దాని జతగా మీరు కొనవలసిన మామూలు కట్టలో ఉంది. వెనుక బొమ్మ, రంగు, సైజు అచ్చం ఒకేలా ఉన్న సాధారణ కట్ట మీ దగ్గర తప్పనిసరిగా ఉండాలి. అందులోని ఆఠీను ఎనిమిదిని ముందే తీసి ఇంట్లో పెట్టండి. మొదట ఆ మామూలు కట్టతో ఏదైనా చిన్న విద్య చూపండి. కట్టను వారి చేతికే ఇచ్చి, వారి పద్ధతిలో, వారి తృప్తి తీరా కలపనివ్వండి. చప్పట్లు కొట్టి అందరూ ఒక్క క్షణం సడలినప్పుడు, ముక్క పేరు రాయించడానికి కాగితం, పెన్ను కోసమని జేబులో చెయ్యి పెట్టి, కట్ట మార్చుకొని బయటికి తీయండి. ఆ క్షణంలో మీ చూపు జేబు వైపు పోకూడదు, ఎదుటివారిని ఏదో ఒకటి అడుగుతూ వారి ముఖంలోకి చూడాలి. స్వెంగాలీ కట్టతో చేయవలసింది ఒక్కటే: ఎనిమిదిని వారి చేత తీయించడం. తీసిన ముక్క వారి చేతిలోనే ఉండగా, పెన్ను మళ్లీ జేబులో పెడుతూ మామూలు కట్టను వెనక్కి తెచ్చేయండి. ఆ ముక్క పేరు చెప్పిన తరువాత దాన్ని కట్టలో కలిపి కట్ట మొత్తం వారికే ఇచ్చేస్తే, లాక్కొనేవాడికి లాక్కోవడానికి ఏమీ మిగలదు. కురచదైన ఆ ఒక్క ముక్క యాభై రెండింటి మధ్య ఎవరి కంటికీ ఆనదు.

‘అన్నీ ఎనిమిదులే’ అని చూపే ఘట్టం చూడముచ్చటగా ఉంటుందని నాకూ తెలుసు. దాన్ని చూపిన మరుక్షణం ‘ఏదీ, ఇటివ్వు’ అన్న మాట వచ్చి తీరుతుంది కాబట్టి, అయిదారుగురి మధ్య హాస్టల్ గదిలో దాన్ని మానేయమనే నా సలహా. దూరంగా వేదిక మీద నిలబడి చేసేటప్పుడు నిరభ్యంతరంగా చేయండి. అడిగారు కదా అని చూపిందే మళ్లీ చూపడం మాత్రం ఎక్కడా వద్దు. మొదటిసారి ‘ఏమవుతుంది?’ అని చూసినవారు రెండోసారి ‘ఎలా అవుతుంది?’ అని చూస్తారు.

చేతి నేర్పు కూడా నేర్చుకోండి. రెండు ముక్కలను ఒకటిగా తిప్పడం, పై ముక్కను అక్కడే ఉంచుతూ కట్ట కలపడం, ఈ రెండూ వచ్చినవారి చేతిలో గిమ్మిక్ కట్ట ఇంకా భద్రంగా ఉంటుంది.

ప్రశ్న: మాది కర్నూలు. పండక్కి బంధువులందరం కూర్చొని డబ్బు పెట్టి రమ్మీ ఆడుకోవడం మా ఇంట్లో మామూలు. నా దగ్గర స్ట్రిప్పర్ పేక (ప్రతి ముక్కా ఒక కొస కాస్త సన్నగా ఉండేలా కోసిన కట్ట) ఉంది. సరదాగా దాన్ని ఆటలోకి దించి, చివరలో అసలు సంగతి చెప్పి డబ్బు తిరిగి ఇచ్చేస్తే తప్పా?

జవాబు: తప్పే. మీరు డబ్బు తిరిగి ఇచ్చినా, నిరుడు గెలిచినదాని సంగతేమిటని ఆ రాత్రే ఎవరో ఒకరు అంటారు, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. పందెం ఆటలో గుర్తులున్న ముక్కలు, కత్తిరించిన ముక్కలు వాడి డబ్బు లాగడం చట్టం దృష్టిలో మోసం. భారతీయ న్యాయ సంహితలో దానికి 318వ సెక్షన్ ఉంది. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో, మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే చెప్పిన మాట నిజం. ఆ తీర్పు చెప్పిన నేర్పు ముక్కలను గుర్తు పెట్టుకొని, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలుసుకొనే నేర్పు; మీ పేక ఆ ఆటనే లేకుండా చేస్తుంది. ఇంద్రజాలం చూపేవాడు అసలు పందెం బల్ల దగ్గర కూర్చోకపోవడమే మంచిదని నేనంటాను. గెలిస్తే చేతివాటమంటారు, ఓడితే చేతకానివాడంటారు.

ప్రశ్న: కడపలో ఉద్యోగం చేస్తున్నాను. ఎదుటివారు మనసులో అనుకొన్న ముక్క ఒక్కటే కట్టలో తిరగబడి ఉండే ‘ఇన్విజిబుల్ డెక్’ నా దగ్గర ఉంది. చలికాలంలో బాగా పనిచేసిన కట్ట ఏప్రిల్, మే నెలల్లో మొండికేస్తోంది. ఒక్కోసారి మూడు నాలుగు ముక్కలు అంటుకొని వస్తున్నాయి, ఒక్కోసారి విడిపోకూడనివి విడిపోతున్నాయి. కట్ట పాడైనట్టేనా?

జవాబు: సగం పాడైంది, సగం మీ చేతుల చెమట. 1936లో జో బెర్గ్ ‘అల్ట్రా మెంటల్’ అన్న పేరుతో తెచ్చిన కట్ట ఇది. తరువాత డాన్ అలన్ ‘కనిపించని పేక’ కథ చెబుతూ చూపడంతో ఇప్పటి పేరు స్థిరపడింది. ఇందులో ముక్కలు ఇరవై ఆరు జతలుగా, వీపుకు వీపు ఆనించి ఉంటాయి. ఆ వీపులకు గరుకునిచ్చే పూత పూస్తారు. గరుకు వీపులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకొంటాయి, నునుపైన బొమ్మల వైపులు జారుతాయి. కట్ట పరిచినప్పుడు జతలు జతలుగా కదిలి, ఇరవై ఆరు ముక్కలే యాభై రెండులా కనిపిస్తాయి. జతలోని అంకెలు కలిపితే పదమూడు రావాలి, ఇస్పేటుకు ఆఠీను, కళావరుకు డైమను జోడీ. ఇస్పేటు నాలుగు అన్నారనుకోండి, ఆఠీను తొమ్మిది దగ్గర ఆగి, బొటనవేలితో కాస్త ఒత్తి పక్కకు జరిపితే దాని వెనకున్న ఇస్పేటు నాలుగు వీపు బయటపడుతుంది. రాజులకు రాజులే జోడీ.

కాబట్టి ఈ కట్ట ప్రాణమంతా రెండు తలాల మధ్య తేడాలో ఉంది: వీపు గరుకు, బొమ్మ నునుపు. కడప ఎండల్లో మీ వేళ్ల చెమట, దానితో కలిసిన దుమ్ము బొమ్మల వైపు పేరుకొంటాయి. నునుపు పోయి అవి కూడా అంటుకొంటాయి. మూడు నాలుగు ముక్కలు కలిసి రావడానికి కారణం అదే. విడిపోకూడనివి విడిపోతున్నాయంటే, వీపుల మీది పూత అరిగిపోయిందన్నమాట. బొమ్మల వైపు మాత్రం పొడి మెత్తని గుడ్డతో ఒక్కొక్క ముక్కనూ తుడవండి. నీరు, స్పిరిట్ దగ్గరికి రానివ్వకండి. చేతికి టాల్కం పౌడరు రాసుకోవడం చాలామందికి అలవాటు. ఈ కట్టకు అది విషం, ఎందుకంటే పౌడరు గరుకు పూతలోని సందులను పూడ్చేస్తుంది. ప్రదర్శనకు ముందు చేతులు సబ్బుతో కడుక్కొని, పూర్తిగా ఆరాక కట్ట ముట్టుకోండి.

అరిగిన పూతకు, ఇంద్రజాల సామగ్రి అమ్మేవారి దగ్గర దొరికే గరుకు స్ప్రే గానీ, చిత్రకారులు వాడే మెరుపు లేని వార్నిష్ స్ప్రే గానీ పనికొస్తుంది. ముక్కలను పాత వార్తాపత్రిక మీద, వీపులు పైకి ఉండేలా, అంచులు ఒకదానికొకటి తగలకుండా పరిచి, ఒక అడుగు పైనుంచి పలచగా ఒక్క విసురు కొట్టండి. గాలి వీస్తున్న మిద్దె మీద ఈ పని పెట్టుకోకండి, తుంపర ఎగిరి బొమ్మల వైపు పడితే మళ్లీ మొదటికి వస్తుంది. బాగా ఆరిన తరువాత ఒక జతను చేతిలోకి తీసుకొని చూడండి. ఊరికే పట్టుకొంటే అంటుకొని ఉండాలి, వేలితో నొక్కి తోస్తే సుఖంగా జారాలి. తోసినా కదలకపోతే పూత ఎక్కువైందన్నమాట. ఆ జతను ఒకదానిపై ఒకటి పదిసార్లు రుద్దండి.

ఇంకొక మాట: కట్టను స్కూటరు డిక్కీలో వదిలేయకండి. ఎండకు ముక్కలు వంకర తిరిగి జతల మధ్య గాలి చేరితే ఏ పూతా పట్టుకోదు. ఇంట్లో ఒక బరువైన పుస్తకం కింద పెట్టండి.

ప్రశ్న: ఆదోని దగ్గర ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. పిల్లలకు ఇలాంటివి చూపాలని ఉంది గానీ, బడిలో పేకముక్కలేమిటని తల్లిదండ్రులు అంటారని భయంగా ఉంది.

జవాబు: అంటారమ్మా, వారు అనడంలో తప్పు కూడా లేదు. మన పల్లెల్లో పేక అనగానే గుర్తుకొచ్చేవి మూడు ముక్కలాట, పోలీసుల దాడి. మీరు పేకను పూర్తిగా వదిలేసి, దానిలోని సూత్రాన్ని మాత్రం తీసుకోండి. ఒకటి కురచ, ఒకటి పొడుగు అన్న ఈ ఏర్పాటు స్వెంగాలీ పేకకంటే చాలా పాతది. అంచులను మెట్లుమెట్లుగా కత్తిరించి, పుటలు తిప్పిన చోటును బట్టి వేర్వేరు బొమ్మలు కనిపించేలా చేసిన పుస్తకాలు యూరపులో పదహారో శతాబ్దానికే ఉన్నాయి. 1584లో అచ్చయిన ఆంగ్ల రచయిత రెజినాల్డ్ స్కాట్ గ్రంథంలో వాటి ప్రస్తావన ఉంది. ఊదగానే తెల్ల పుటలకు రంగులొచ్చే పిల్లల మ్యాజిక్ పుస్తకం వాటి సంతతే. మీరు గట్టి అట్ట మీద అక్షరాల కార్డులు చేసుకోండి: వేర్వేరు అక్షరాలవి పొడుగువి, ఒకే అక్షరంవి కురచవి. ఏ పిల్లవాడు ఎక్కడ ఆపమన్నా ఆ రోజు పాఠంలోని అక్షరమే వస్తుంది. పోస్టుకార్డు సైజులో చేసి, కురచవాటిని రెండు మిల్లీమీటర్లు తగ్గిస్తే మీ చేతికి సుఖంగా ఉంటుంది. ‘ఇది మంత్రం కాదు, నేను నేర్చుకొన్న తమాషా’ అని మాత్రం పిల్లలకు ముందే చెప్పండి.

ప్రశ్న: తాడిపత్రిలో ఉంటాను, ఉద్యోగ విరమణ చేశాను. వేళ్లు బిగుసుకొని కట్ట సరిగా పట్టుకోలేను. మనవళ్లకు చూపడానికి ఏ కట్ట నప్పుతుంది?

జవాబు: వెనుక గుర్తులున్న మార్క్‌డ్ పేక తీసుకోండి సార్. కట్టను మనవడే కలుపుతాడు, మనవడే ముక్క తీస్తాడు, మీరు బల్ల మీద బోర్లించి పెట్టమని చెప్పి తీరిగ్గా చూస్తే చాలు. వెనుక ఆ గుర్తులు పెద్దగా ఉన్న రకం అడిగి కొనండి. కళ్లద్దాలు సవరించుకొని ముక్క వైపు వంగితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ప్రశ్న: ప్రొద్దుటూరులో చిన్న ప్రదర్శనలు ఇస్తుంటాను. విదేశీ గిమ్మిక్ కట్టలు ఖరీదు ఎక్కువ, పైగా ఇక్కడివారు ‘ఇదేం పేక, ఇంత వెడల్పుంది?’ అంటున్నారు. మన దుకాణాలలో దొరికే పేకతో ఇంట్లోనే గిమ్మిక్ కట్ట చేసుకోవచ్చా?

జవాబు: మంచి ప్రశ్న. ఇంద్రజాలానికి వాడే విదేశీ ముక్క సాధారణంగా రెండున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. మన దగ్గర రమ్మీకి అమ్మే కట్టలు చాలావరకు రెండుంపావు అంగుళాలవి. రోజూ పేక పట్టే చేతికి ఆ పావు అంగుళం వెంటనే తెలిసిపోతుంది, అక్కడే మీ మీద సగం నమ్మకం పోతుంది. పెళ్లి విడిదిలో వారు ఆడుకొంటున్న పేకలాంటి పేకనే మీరూ జేబులోంచి తీస్తే, ఆ నమ్మకాన్ని ఏ ఖరీదైన కట్టా ఇవ్వలేదు. కాబట్టి మన పేకతో చేసుకొనే ప్రయత్నం శ్రమకు తగినదే.

కాకపోతే అన్ని కట్టలూ ఇంట్లో కుదరవు. స్వెంగాలీకి ఒకే ముక్క ఇరవై ఆరు కావాలి; అందుకోసం ఇరవై ఆరు కట్టలు కొనే బదులు ఆ విదేశీ కట్టనే కొనడం నయం. ఇన్విజిబుల్ డెక్‌కు మాత్రం ఒక కట్ట, ఒక స్ప్రే డబ్బా చాలు. పైన కడప పాఠకుడికి చెప్పిన పద్ధతే. ప్లాస్టిక్ ముక్కలు వద్దు, వాటికి పూత నిలవదు. కాగితం ముక్కలే తీసుకోండి. అన్నింటికంటే తేలికగా అయ్యేది ఒకే ఒక్క కురచ ముక్క. ఒక ముక్కను ఉక్కు స్కేలు కింద పెట్టి పదునైన బ్లేడుతో పొట్టి అంచున ఒక మిల్లీమీటరు లోపే తీసేసి, మూలలను గోళ్లు తీసే కత్తెరతో మళ్లీ గుండ్రంగా చేయండి. కట్ట ఎవరు ఎంత కలిపినా, అంచు మీద వేలు పోనిస్తే ఆ ముక్క దగ్గర టక్కుమని తెలుస్తుంది. ప్రేక్షకుడి ముక్కను దాని కిందికి చేర్చగలిగితే ఇక పోగొట్టుకోరు.

స్ట్రిప్పర్ కట్టకు ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్లాలి. పెళ్లి పత్రికలు కోసే కట్టింగ్ మిషను ఉన్న ప్రెస్సు ఏదైనా సరిపోతుంది, ముహూర్తాల రోజుల్లో వెళితే మాత్రం మిమ్మల్ని పట్టించుకోరు. కట్ట పైనా కిందా ఒక్కొక్క దళసరి అట్ట పెట్టించండి. లేకపోతే మిషను బిగింపు పై ముక్క మీద చార పడేస్తుంది. రెండు పొడవు అంచులనూ ఒక కొస దగ్గర ఏమీ తీయకుండా, రెండో కొస దగ్గర సుమారు అర మిల్లీమీటరు పోయేలా ఏటవాలుగా కోయించాలి. అప్పుడు ప్రతి ముక్కా ఒక కొస వెడల్పుగా, ఒక కొస సన్నగా తయారవుతుంది. అన్నీ ఒకే వైపు పేర్చిన కట్టలో, ప్రేక్షకుడు తీసిన ముక్కను తిరిగి తీసుకొనేలోపు కట్టను ఈ కొస ఆ వైపుకు వచ్చేలా తిప్పితే, అతని ముక్క ఒక్కటే ఎదురు తిరిగి ఉంటుంది. వారు తమ పద్ధతిలో ఎంత కలిపినా, సన్న కొస దగ్గర రెండు వైపులా వేళ్లతో పట్టి లాగితే అది ఒక్కటే చేతికి వస్తుంది. కలిపేటప్పుడు కట్టలో సగం ఎదురు తిరగకుండా చూసుకోవడం మీ పని.

కోసేవారు ‘అంత తక్కువేం కనబడుతుంది, ఇంకొంచెం తీస్తా’ అంటారు. తీయనివ్వకండి. మొదట ఒక పాత కట్టతో కోయించి, వేళ్లకు తెలుస్తోందా, కంటికి తెలియడం లేదా అని అక్కడే చూసుకొన్నాక అసలు కట్ట ఇవ్వండి. జోకర్లను కూడా అదే కోతలో కలిపి కోయించండి. సన్న కొస దగ్గర మూలలు మొనదేలి ఉంటాయి, ఇంటికి వచ్చాక నాలుగైదేసి ముక్కల చొప్పున పట్టుకొని సన్నని ఉప్పుకాగితంతో గుండ్రం చేసుకోండి.